సీలింగు మీద కావి పట్టీ

రంగులమ్మ పోయిందని మొన్న ఫోనొచ్చింది. చేసింది నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు పాడేరులో నర్సు. "మీకు చెప్పాలనిపించింది మేడమ్" అని, "ఆస్పత్రికి రానంటే రానందట. ఆఖరి దాకా ఎవరి మాటా వినలేదట" అంది. నాకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. మాట వినకపోవడం ఒక్కటేగా ఆవిడకి వచ్చిన విద్య అనుకున్నాను. అంతలోనే తప్పు దిద్దుకున్నాను. ఆవిడకి ఇంకో విద్య కూడా వచ్చు. సీలింగుకీ గోడకీ మధ్య గీత కొట్టడం.

అసలు పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. పిల్లలందరూ రంగులమ్మ అనేవారు, నేనూ అలాగే అంటాను. మొహం మీద మాత్రం 'అప్పా' అనేదాన్ని, అక్కడి మాటలో అక్కా అని. అదీ మొదటి రోజు నుంచి కాదు. మొదట్లో 'ఏమ్మా' అనేదాన్ని, కింద నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లం కొండమీది వాళ్లందరినీ అలాగే పిలుస్తాం కదా. ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నన్ను 'పంతులమ్మా' అనే పిలిచింది, 'నువ్వు' అనే అంది. కలెక్టరొచ్చినా నువ్వే. ఆవిడ భాషలో 'మీరు' అనే మాటకి చోటు లేదు.

అరకు కొండల్లో ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను వార్డెన్‌గా పనిచేశాను. మాది శృంగవరపుకోట. ఘాట్ రోడ్డెక్కి వచ్చాక నాకు ఇచ్చింది పేరుకి క్వార్టరు, నిజానికి చెమ్మ పట్టిన రెండు గదులు. గోడలకి రంగు వేయించుకుందామని వంటమనిషిని అడిగితే తనే రంగులమ్మని వెంటబెట్టుకొచ్చింది. బక్కపలచని మనిషి, ముక్కుకి మూడు ముక్కెరలు, మోకాళ్ల మీదికి కట్టిన చీర. నోట్లో అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తోంది. "ఇంట్లో చుట్టేంటమ్మా, బూడిద రాలదూ" అన్నాను. "బూడిద నా నోట్లోనే ఉంటాది, నీ గోడ మీద పడదు" అంది. 

రంగు ఏది వేయాలో అడుగుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది వేరే.

"నువ్వెక్కడ పడుకుంటావు పంతులమ్మా?"

"ఎందుకు?"

"సెప్పు."

మంచం చూపించాను. రంగుమరకల చీరతోనే వెళ్లి, నా ఉతికిన దుప్పటి మీద వెల్లకిలా పడుకుంది.  ఆవిడ తాపీగా పైకి చూస్తూ ఒక మూల వైపు చెయ్యి చూపించింది. "పొద్దున్న లేవగానే నీకు అదే కనపడతాది. అక్కడ్నుంచి మొదలెడతాను. గోడలు నిలబడ్డోలు సూత్తారు. మీదిది పడుకున్నోలే సూత్తారు. జొరమొచ్చినోలు, పురుడోసుకున్నోలు, ముసిలోలు. ఆలకి సూడ్డానికి ఇంకేటుంటాది?"

ఏ ఇంటికి వెళ్లినా అంతే. ప్రతి గదిలోనూ నేల మీద ఒకసారి పడుకుని చూశాకే పని ఒప్పుకునేది. సంత వీధిలో ఒక వ్యాపారి ఇంట్లో, "నడవాలో ఎవరూ పడుకోరు, అక్కడ చూడక్కర్లేదు" అన్నారట. "ఇప్పుడు నాను పడుకున్నాను కదా" అందట ఆవిడ.

నా గదుల సామానంతా మధ్యకి లాగించి, గుట్టలా పోయించి, గోడకి చెంప ఆనించి నిలబడింది. "తడి మీద ఉన్నాది. వొచ్చే సంతకి వొత్తాను" అని వెళ్లిపోయింది. అరకులో సంత శుక్రవారం. అంటే వారం రోజులు. ఆ వారమంతా బీరువాకీ బియ్యం డబ్బాకీ మధ్య సందులో పడుకుని ఆవిణ్ని తిట్టుకుంటూ గడిపాను. మళ్లీ వచ్చినప్పుడు ఆ కోపమంతా వెళ్లగక్కితే, మెట్టు మీద కూర్చుని వాళ్ల పెద్దమ్మ సంగతి చెప్పింది.

వాళ్ల ఊళ్లో ఇళ్లన్నీ మట్టిగోడలు. చైత్రం పండగకి ముందు ఆడవాళ్లు ఎర్రమట్టీ పేడా కలిపి అరచేతులతో అలుకుతారు, అడుగున నల్ల పట్టీ వేస్తారు. గోడలో ఎక్కడైనా చెమ్మ తగిలితే దాని మీద అలకరు. పొడి మట్టి తగిలేదాకా గోకేస్తారు. గోకిన చోటు చుట్టూ కావితో ఒక పట్టీ గీసి వదిలేస్తారు, అది ఆరి మళ్లీ పూడ్చేదాకా ఎవరూ అక్కడ ఆనుకోకూడదని గుర్తు. వాళ్ల పెద్దమ్మ ఒక ఏడు పండగ తొందరలో తడి మీదే అలికేసి, పైన నున్నగా చేసేసిందట. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారట. వానలకి ఆ గోడ రెండు మేకల మీద పడింది.

"మేకలు కాబట్టి నవ్వుకుంటూ సెప్తన్నాను" అంది రంగులమ్మ.

ఆవిడ గీత కొట్టడం చూసి తీరాలి. పెద్ద ఊళ్ల నుంచి వచ్చే పెయింటర్లు సీలింగు అంచు పొడుగునా టేపు అతికించి రంగు వేస్తారు. ఆవిడ అది చూస్తే చాలు, "గోడకి కట్టు కట్టేరేటి? దెబ్బ తగిలిందా?" అని అడిగేది. తను ఒక డ్రమ్ము మీద బల్లచెక్క వేసుకుని ఎక్కేది. బ్రష్షు ముంచి, ఒక పక్క మాత్రమే డబ్బా అంచుకి తుడిచి, బుగ్గలు పొంగించి ఊపిరి బిగపట్టేది. చెయ్యి చాచినంత మేర వెళ్లేదాకా ఊపిరి వదలదు. వదిలాక ముక్కులోంచి పొగ వచ్చేది. కిందనుంచి చూస్తే తాడు పట్టి గీసినట్టు ఉండేది గీత. నేను సంతలో కొన్న చవక బ్రష్షుకి వెంట్రుకలు రాలుతుంటే, రంగులోంచి ఒక్కొక్కటీ ఏరి, కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చింది. "నీ బ్రష్షు నీకే." పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిన నా విద్యార్థినులు ఇప్పటికీ ఆ పొట్లం గురించి చెప్పుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఆ రోజు తల కొట్టేసినట్టయింది.

ఇంత పొగరు ఎందుకు భరించారని అడగొచ్చు. పని అలాంటిది. జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచాన పడినప్పుడు నాకు తెలిసొచ్చింది. పైన ఒక్క మచ్చ లేదు, ఒక్క వంకర లేదు. చూస్తూ పడుకోబుద్ధేసింది.

ఇక అసలు సంగతి. పెద్దాఫీసర్లకి మా తనిఖీలు గుర్తొచ్చేది వలిసె చేలు పూసినప్పుడే. కొండవాలంతా పసుపుపచ్చగా ఉంటుంది, ఫోటోలకి బాగుంటుంది. ఆ ఏడు వానలు గట్టిగా కురిశాయి. మా మూడో నంబరు హాల్లో శ్లాబు కారి కారి సీలింగంతా బూజు పట్టింది. బాగు చేయించమని నేను మూడుసార్లు రాశాను. జవాబు లేదు. తనిఖీ అనగానే మాత్రం రంగులు వేయించమని ఆదేశం, దాని వెనకే కింద నుంచి ఒక కాంట్రాక్టరు. వాళ్ల మనుషులు బయటి గోడలు లాగించేశారు. లోపల సీలింగులకి వచ్చేసరికి చుక్కలు కారి నేలంతా పాడవుతోందని రంగులమ్మని పిలిపించారు.

మూడో హాల్లో ముప్ఫైనాలుగు మంది పిల్లలు, రంగులమ్మ మాటలో గుంటలు. మంచాలు లేవు, చాపలూ రేకు పెట్టెలూ. తనిఖీకి రెండు రోజుల ముందు ఆవిడ వచ్చి, అలవాటు ప్రకారం చాపల మధ్య పడుకుంది. ఎంతకీ లేవదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. తర్వాత లేచి, వెదురు కర్ర తీసుకుని సీలింగుని ఒక కొస నుంచి తట్టుకుంటూ వచ్చింది. మూడో వరస చాపల మీదికి వచ్చేసరికి చప్పుడు మారింది.

"ఇన్నావా పంతులమ్మా?"

"విన్నాను. డొల్లగా ఉంది."

"మరేటి?"

"మరేం లేదు. ఇప్పటికి తెల్లగా కొట్టెయ్ అప్పా. తనిఖీ అయిపోనీ, మళ్లీ రాస్తాను."

"మూడుసార్లు రాత్తే రానోడు, తెల్లగా కొట్టీసేక వొత్తాడేటి?"

నాకు ఒళ్లు మండింది. నా ఉద్యోగం నాకు నేర్పడానికి నువ్వెవరని అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. చాపలు పక్కకి లాగించి, బల్ల ఎక్కి, లప్పం పెట్టే రేకు కత్తితో ఒక్క గోకు గోకింది. చేటంత పెచ్చు ఊడి దబ్బున కింద పడింది. లోపల ఇనుప ఊచలు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. పెచ్చు తగిలి, పక్కనే ఉన్న ఆరో తరగతి పిల్ల రేకు పెట్టె మూత సొట్టపోయింది. ఆ పిల్ల ఆ పెట్టెకి తల ఆనించి పడుకునేది.

ఆ సొట్ట చూసి కూడా నేను ముందు అరిచింది ఏమిటో తెలుసా? "ఏం చేశావు! ఎల్లుండే తనిఖీ!"

"నాను పడగొట్టలేదు. పడిపోతన్నదాన్ని పగలు దించేను" అంది ఆవిడ, ఇంకో పెచ్చు గోకుతూ.

కాంట్రాక్టరు వచ్చి గోల గోల చేశాడు. గవర్నమెంటు బిల్డింగు పగలగొట్టింది, కేసు పెట్టిస్తానన్నాడు. కూడా వచ్చిన ఇంజినీరు తల ఎత్తి ఒకసారి చూసి, "పైపెచ్చే కదా, ఏం పర్వాలేదు" అన్నాడు. చివరికి ఏర్పాటు ఏమిటంటే, రేపు సాయంత్రం వాళ్ల మనుషులు కన్నానికి సిమెంటు పూసి పైన తెల్లరంగు లాగించేస్తారు. ఈ రెండు రోజులూ పిల్లల్ని భోజనాల గదిలో పడుకోబెట్టాలి. తనిఖీ అవగానే మళ్లీ హాల్లోకి. "సరేనా మేడమ్?" అని కాంట్రాక్టరు నన్ను అడిగాడు.

నేను సరేనన్నాను. మాకు వేరే గది లేదు, నాకు పై నుంచి మాట పడుతుందనే భయం ఉంది, ఇంకా ఇలాంటివి ఒక పది చెప్పగలను. ఏది చెప్పినా ఆ 'సరే' నాదే. రంగులమ్మ నా వంక చూసింది.  అదే మొదటిసారి, ఆవిడ నన్ను ఏమీ అనకుండా వదలడం.

మర్నాడు పొద్దున్నే వచ్చి మిగతా సీలింగు మొదలుపెట్టింది. నేను మనసు మార్చుకుందిలే అనుకుని నా పనుల్లో పడ్డాను. సాయంత్రం కాంట్రాక్టరు మనుషులు సిమెంటు కలుపుకుని హాల్లోకి వెళ్లి, వెళ్లినంత వేగంగా బయటికి వచ్చారు. నేను పరిగెత్తాను.

సీలింగంతా పాలలా ఉంది. ఇంత నున్నగా అంతకు ముందు ఆవిడ కూడా వేయలేదేమో. మధ్యలో ఆ కన్నం కన్నంలాగే ఉంది. దాని చుట్టూ, బయటి గోడలకి వాడగా మిగిలిన కావి ఎనామిలుతో, జానెడు వెడల్పున పట్టీ. అంచు ఎక్కడా చెదరలేదు. గుమ్మంలో అడుగుపెట్టినవాడికి ముందు అదే కనపడుతుంది. కాంట్రాక్టరు మనిషి తల పట్టుకున్నాడు. ఎర్ర ఎనామిలు మీద తెల్ల డిస్టెంపరు నాలుగు పూతలు వేసినా గులాబీగా బయటపడుతుందట. అది ఆవిడకి తెలుసు.

నేను మూడో హాలుకి తాళం వేశాను.

తనిఖీ రోజు పెద్దాఫీసరు వచ్చాడు. వెనక ఇంజినీరు, కాంట్రాక్టరు, ఇంకో పది మంది. పిల్లలు పూలిచ్చారు. వంటగది, స్టోరు, మొదటి హాలు, రెండో హాలు, అన్నీ చూశారు. వరండాలో ఒక స్తంభానికి ఆనుకుని రంగులమ్మ కూర్చుని ఉంది. రమ్మని ఎవరూ పిలవలేదు.

"అదేం గది?" అన్నాడాయన మూడో హాలు వైపు చూసి.

"పెయింట్ ఆరలేదు సార్" అన్నాను నేను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"నిన్ననే ఆరిపోనాది" అంది రంగులమ్మ కూర్చున్న చోటి నుంచే. "ఏసింది నానే బాబూ. తాళం పంతులమ్మ దగ్గరున్నాది."

అందరూ నా వంక చూశారు. నా హేండ్‌బేగ్‌లో తాళంచెవి వెతకడానికి పట్టినంత సేపు నా జీవితంలో దేనికీ పట్టలేదు. తలుపు తీశాను. ఆయన లోపలికి నడిచి, సరిగ్గా ఆ కావి పట్టీ కింద ఆగి, మెడ వెనక్కి వంచి చూడబోయాడు. ఇంజినీరు ఒక్క ఉదుటున వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్, సార్, దాని కింద నిలబడకండి సార్. ఇటు వచ్చేయండి."

రంగులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చుట్ట నోట్లోంచి తీసింది.

"ఏటి? బాబు నిలబడకూడదా? గుంటలు పడుకోవొచ్చునా?"

 ఇంజినీరు ఆ చెయ్యి వదలాలో పట్టుకునే ఉండాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఆఫీసరు సొట్టపోయిన పెట్టె వైపు చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు, ఇక్కడ ఎంతమంది పడుకుంటారని. ముప్ఫైనాలుగు అని చెప్పాను. ఈసారి గొంతు నాదే.

హాలు ఆ రోజే మూయించేశారు. టీచర్ల గదులు రెండు ఖాళీ చేసి పిల్లలకి ఇచ్చాం. మళ్లీ వానలొచ్చేలోపు కొత్త శ్లాబు పడింది. ఆవిణ్ని మాత్రం ఆ తర్వాత ఏ ప్రభుత్వ బిల్డింగుకీ ఏ కాంట్రాక్టరూ పిలవలేదు.

నాకు మెమో వచ్చింది. భవనానికి నష్టం చేసింది ఎవరు, సీలింగు మీద ఎర్రరంగు పూసింది ఎవరు, వివరణ ఇవ్వండి అని. కాంట్రాక్టరు ఫిర్యాదు అన్నమాట. నేను చాలా ఆలోచించి, నా ఆదేశం మీదే గోకించాను, నా ఆదేశం మీదే గుర్తు వేయించాను, రంగు వేసిన మనిషికి సంబంధం లేదు అని రాశాను. ఆవిణ్ని కాపాడుతున్నానని లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉంది. పంపేముందు పదో తరగతి పిల్ల ఒకతె దాన్ని నీటుగా తిరగరాసి పెట్టింది. ఆ పిల్లది రంగులమ్మ ఊరే.

మరుసటి సంత రోజున రంగులమ్మ తుపాను వానలో తడుస్తూ వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది, వేసుకోలేదు. అంత కోపం.

"నా పని నీ పేరు మీద రాసీసుకున్నావంట?"

"నీ కోసమే అప్పా. కేసు పెడతామంటున్నారు."

"ఎట్టమను. నానేటి పారిపోతానా? ఈ కొండల్లోనే ఉంటాను, వొచ్చి పట్టుకోమను. గోకింది నాను. పట్టీ ఏసింది నాను. నువ్వు సెప్పేవేటి నాకు? నువ్వేటి సెప్పేవో నీకు గేపకం నేదా?"

జ్ఞాపకం ఉంది. తెల్లగా కొట్టెయ్ అని చెప్పాను.

"నిన్నిక ఎవరూ పనికి పిలవరు" అన్నాను నీరసంగా.

"పిలవకపోతే మానీమను. నా ఇంటికి గోడలు నేవా? రాయి బేగి. ఉన్నదున్నట్టు రాయి."

కొత్త కాగితం తీశాను. ఆవిడ పక్కన నిలబడి చెప్పింది, నేను రాశాను. పెచ్చు డొల్లగా ఉంటే గోకింది ఆవిడ. ఎవరూ దాని కింద పడుకోకూడదని పట్టీ వేసింది ఆవిడ. ఎవరూ చెయ్యమనలేదు. రెండుసార్లు చదివించుకుంది. స్టాంపు పేడ్ మీద బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. వేలి గీతలేమీ పడలేదు, నున్నటి నీలం మచ్చ పడింది.

"సున్నం తినీసింది. అయినా నాదే" అంది.

నేను కలం మూయబోయాను. మూయలేకపోయాను. ఆ మచ్చ కింద ఇంకో వాక్యం రాశాను.

"అదేటి రాసేవు మళ్లీ?"

చదివి వినిపించాను. "ఆ హాలుకి తాళం వేసింది నేను."

 ఆవిడ గొడుగు విప్పింది.

"ఆఁ. ఇప్పుడు సరిగ్గా ఉన్నాది. పంపీ."